తోడుకునేదాకా గిన్నె కదపకండి

హైదరాబాద్ కూకట్‌పల్లి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దన్నారు. పెద్ద ఉత్తరమే. జవాబంతా ఆవిడ రాసిన వివరాల్లోనే ఉంది కాబట్టి వాటిని వదలకుండా కుదించి చెబుతాను.

ఎనిమిదేళ్ల కూతురి పుట్టినరోజుకి వాళ్లాయన రెండడుగుల అక్వేరియం కొన్నారు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు. షాపతను అదే రోజు తొట్టి, రంగురాళ్లు, ఫిల్టరు, ఐదు గోల్డ్ ఫిష్‌లు, "ఇవి తొట్టిని శుభ్రంగా ఉంచుతాయి" అంటూ రెండు సక్కర్ చేపలు, అన్నీ కలిపి ఇచ్చేశాడు. సాయంత్రానికల్లా నీళ్లు నింపి చేపల్ని వదిలారు. రెండు రోజులు నీళ్లు అద్దంలా ఉన్నాయి. మూడో రోజు పొద్దున్నకి బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడ్డాయి. ఆవిడ చేపల్ని బకెట్లోకి తీసి, నీళ్లన్నీ పారబోసి, రాళ్లని వేణ్ణీళ్లతో కడిగి, ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద పట్టుకుని మురికి పోయేదాకా పిండి, అద్దాలు తోమి, కొత్తగా నింపారు. మళ్లీ రెండు రోజులు అద్దం, మూడో రోజు కడుగునీళ్లు. మూడు వారాల్లో ఆరుసార్లు ఇదే పని. రెండు గోల్డ్ ఫిష్‌లు పోయాయి. మిగిలిన మూడూ పొద్దున పూట నీటి మీదకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

ఇంట్లో తలా ఒక మాట. ఊళ్లో చెరువు నీళ్లు తేర్చడానికి వాడినట్టు పటిక తిప్పమని అత్తగారు. ఆర్‌ఓ నీళ్ల క్యాన్లు పోయిద్దామని వాళ్లాయన. నీలం మందు పది చుక్కలు వెయ్యమని షాపతను. పొద్దున పాప, మధ్యాహ్నం నానమ్మ, రాత్రి ఆఫీసు నుంచి వచ్చాక ఆయన, ముగ్గురూ మేత వేస్తారు. అత్తగారు హాల్లో పడుకుంటారు, ఫిల్టరు చప్పుడుకి నిద్ర పట్టక రాత్రిళ్లు స్విచ్ కట్టేస్తారు. రెండో చేప పోయిన రోజు పాప అడిగిందట: "అమ్మా, నువ్వు కడిగినప్పుడల్లా చచ్చిపోతున్నాయా?" ఆ మాట విన్నాక తొట్టి వైపు చూడలేకపోతున్నానని రాశారు. "శుభ్రం తక్కువై చంపుతున్నానా, ఎక్కువై చంపుతున్నానా? ఇంట్లో ఈ చేపల బాధ్యత తీసుకుంది నేనొక్కదాన్నే, చంపిందీ నేనేనా?" అన్నది ఆవిడ ప్రశ్న.

అమ్మా, ముందు ఆ చివరి మాట సంగతి చూద్దాం. దాన్ని పక్కన పెట్టి రాళ్లూ ఫిల్టర్ల గురించి మాట్లాడితే మీకు ఏదీ ఎక్కదు. పాప గమనించింది తప్పు కాదు. మొత్తం కడిగిన ప్రతిసారీ చేపల మీద భారం పడింది. కానీ అది మీ నిర్లక్ష్యం వల్ల జరగలేదు. గిన్నెనో, నీళ్ల బిందెనో ఎలా శుభ్రం చేస్తామో మీరు తొట్టినీ అంతే శ్రద్ధగా శుభ్రం చేశారు. చేపల తొట్టి శుభ్రం వేరేగా ఉంటుందని మీకు చెప్పాల్సిన చోట ఎవరూ చెప్పలేదు. నా మొదటి తొట్టిని నేనూ ఇలాగే కడిగాను. నాలుగు చేపలు పోయాయి. ఐదోదాన్ని కాపాడింది నా తెలివి కాదు, విసుగు. ఇక నా వల్ల కాదని ఒక వారం ముట్టుకోకుండా వదిలేశాను. ఆ వారంలోనే నీళ్లు తేరాయి.

ఎందుకు తేరాయో చెబుతాను.

చేప వేసే రెట్ట, మొప్పల్లోంచి వదిలేది, మిగిలిపోయి కుళ్లిన మేత, ఇవన్నీ కలిసి నీళ్లలో అమ్మోనియా అవుతుంది. కంటికి కనబడదు, వాసన కూడా పెద్దగా తెలియదు, కానీ చేపల మొప్పల్ని కాల్చేస్తుంది. పాతబడిన తొట్టిలో ఈ అమ్మోనియాని ఒక రకం బాక్టీరియా తిని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. దాన్ని ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ తక్కువ మోతాదులో చేపల్ని ఏమీ చెయ్యదు, కొద్దికొద్దిగా నీళ్లు మారిస్తే పోతుంది. ఈ మేలు చేసే బాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండదు. స్పాంజి రంధ్రాల్లో, రాళ్ల మీద, అద్దం మీద జిగురుగా అంటుకుని ఉంటుంది. చాలా నిదానంగా పెరుగుతుంది, కొత్త తొట్టిలో నిలదొక్కుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

మీరు చూస్తున్న తెలుపు వీటిది కాదు, వేరే జాతి బాక్టీరియాది. మిగిలిన మేతా చెత్తా తిని బతికే ఆ రకం గంటల్లోనే రెట్టింపవుతుంది. కొత్త తొట్టిలో తిండి బోలెడు, పోటీకి ఎవరూ లేరు. అందుకే మూడో రోజుకి నీళ్లంతా కమ్ముకుంటుంది. తిండి తగ్గి, స్పాంజి మీదా రాళ్ల మీదా మిగతా బాక్టీరియా కుదురుకుంటే కొన్ని రోజుల నుంచి రెండు వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది. మీరేమో అవి కుదురుకోబోయే ప్రతిసారీ వేణ్ణీళ్లు పోసి, క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్ల కింద స్పాంజి పిండి, తొట్టిని మళ్లీ మొదటి రోజుకి తీసుకెళ్లారు. మూడు వారాలు గడిచాయి గానీ మీ తొట్టి వయసు ఇవాళ్టికీ మూడు రోజులే.

పాలు తోడుపెట్టి, పది నిమిషాలకోసారి మూత తీసి గిన్నె కదిపి చూస్తే పెరుగు గట్టిపడుతుందా? విరిగిందేమోనని పారబోసి మళ్లీ కొత్త పాలు పోస్తే? మీ తొట్టిలో జరిగింది అదే.

ఇది బాక్టీరియా మసకేనని ఉత్తరం చూసి ఎలా చెప్పానంటే, వచ్చిన సమయాన్ని బట్టి. నీళ్లు పోసిన వెంటనే తెల్లబడితే అది సరిగా కడగని రాళ్ల ధూళి, లేదా సన్నటి గాలి బుడగలు. పచ్చగా మారితే ఎండ తగిలి పెరిగిన నాచు. పల్చటి టీ రంగయితే తొట్టిలో పెట్టిన చెక్క నుంచి దిగే రంగు, దానివల్ల చేపలకి హాని లేదు. మీది రెండు రోజులు బాగుండి మూడో రోజు తెల్లబడుతోంది. అయినా నా మాట మీద వదిలెయ్యకండి. గాజు గ్లాసులో ఆ నీళ్లు పట్టి, వెనక తెల్ల కాగితం పెట్టి రంగు చూడండి, రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్నకి అడుగున పొడిలా దిగి పైన తేరితే ధూళి. ఎంత తెలుపు అంతే ఉంటే నేను చెప్పినదే.

చేపలు పొద్దున పూట పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయన్న వాక్యం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. మొత్తం ఉత్తరంలో అత్యవసరమైంది అదే. కైకలూరు, భీమవరం వైపు చేపల చెరువుల రైతులు తెల్లవారుజామున గట్టు మీద నిలబడి చూసేది దీన్నే. ప్రాణవాయువు చాలకపోతే చేపలు పైకి వస్తాయి. మీ తొట్టిలో ఆ తెల్ల బాక్టీరియా ఊపిరి తీసుకుంటుంది, చేపలూ తీసుకుంటాయి, రాత్రంతా ఫిల్టరు ఆగి ఉంటుంది. పైగా వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాములు పట్టే నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకి మించి పట్టవు. దీనికి అమ్మోనియా మంట తోడై ఉండొచ్చు. ఫిల్టరు రాత్రిపూట ఆగితే ఇంకో నష్టం కూడా ఉంది. స్పాంజిలో కుదురుకుంటున్న మేలు బాక్టీరియాకీ ప్రవహించే నీళ్లే ఊపిరి, గంటల తరబడి ఆగితే అది దెబ్బతినొచ్చు. అంటే పగలు మీరు, రాత్రి అత్తయ్యగారు, ఇద్దరూ తెలియకుండా ఒకే పని చేస్తున్నారు.

ఈ సంగతి అత్తయ్యగారితో నిందలా కాకుండా చెప్పండి. ఆవిడకి నిద్ర కావాలి, అది చిన్న విషయం కాదు. చప్పుడు చాలా వరకు నీళ్లు ఎత్తు నుంచి పడటం వల్ల వస్తుంది. నీటిమట్టాన్ని ఫిల్టరు మూతి దాకా పెంచితే చప్పుడు సగం పోతుంది. గాలి మోటారు ఉంటే దాన్ని చెక్క మీద నేరుగా పెట్టకుండా మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టండి. అప్పటికీ కుదరకపోతే తొట్టిని గది మార్చండి. కరెంటు గురించి ఇంట్లో మాట వస్తే, పది వాట్ల ఫిల్టరు నెలంతా రాత్రీ పగలూ తిరిగినా ఏడు యూనిట్ల పైచిలుకే.

ఇవాళ చెయ్యాల్సింది చెబుతాను. తొట్టిలో నాలుగో వంతు నీళ్లు, అంతే, తీసి మార్చండి. మీ తొట్టి కొలతలకి 70 లీటర్లు వస్తుంది. రాళ్లూ పైన ఖాళీ పోను అరవై లీటర్లనుకుంటే పదిహేను లీటర్లు, ఒక పెద్ద బకెట్. మీకు మంజీర కుళాయి నీళ్లు వస్తాయని రాశారు కాబట్టి వాటిలో క్లోరిన్ ఉంటుంది. ముందు రోజే బకెట్లో పట్టి గాలి మోటారు గొట్టం వేసి ఉంచండి, లేదా అక్వేరియం షాపుల్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసిన మోతాదులో వేసి పోయండి. ఇవాళ్టికి చుక్కలే నయం, ఒక రోజు ఆగే పరిస్థితి చేపలకి లేదు. బోరు నీళ్లయితే క్లోరిన్ ఉండదు గానీ, వాటినీ కాసేపు గాలి తగలనిచ్చి పోయండి. రాళ్లు ముట్టుకోవద్దు. స్పాంజి ముట్టుకోవద్దు. మేత రెండు రోజులు పూర్తిగా ఆపెయ్యండి. చేపలు ఆకలితో చస్తాయేమోనని పాప ఏడుస్తుంది. అవి మనలా ఒంటిని వెచ్చగా ఉంచుకోనక్కర్లేని ప్రాణులు, రెండు రోజులు తిండి లేకపోతే వాటికి ఏమీ కాదు. గోల్డ్ ఫిష్‌కి మనలాంటి జీర్ణాశయమే లేదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. అందుకే ఎంత వేసినా తింటూనే ఉంటుంది, రెట్ట వేస్తూనే ఉంటుంది. రోజుకి మూడు చేతులతో మేత పడుతుంటే ఆ తెల్ల బాక్టీరియాకి అంతకంటే విందేముంటుంది?

తర్వాత ఒక అమ్మోనియా టెస్ట్ కిట్, ఒక నైట్రైట్ కిట్ కొనండి. చుక్కల కిట్లు నయం. ఇన్నాళ్లూ మీరు నీళ్ల రంగు చూసి నిర్ణయాలు తీసుకున్నారు. కళ్లకి తేటగా కనిపించే నీళ్లలో చేపలు చావొచ్చు, మసకగా ఉన్న నీళ్లలో బతకొచ్చు. కిట్ లేకుండా ఈ తేడా తెలియదు. నీళ్లు ఆమ్లం వైపున్నాయో క్షారం వైపున్నాయో చెప్పే పిహెచ్ అంకె కూడా ఒకసారి చూసుకోండి. అమ్మోనియా అంతా ఒకేలా విషం కాదు. 28 డిగ్రీల వేడిలో పిహెచ్ 7 దగ్గర దానిలో విషరూపం వందలో ఒక పాలు కూడా ఉండదు, పిహెచ్ 8 దగ్గర ఆరేడు పాళ్లకి పెరుగుతుంది. మన బోరు నీళ్లు చాలా చోట్ల క్షారం వైపే ఉంటాయి. అందుకే "మా ఇంట్లో ఇన్ని చేపలున్నా ఏమీ కాలేదు" అని పక్కింటివాళ్లు చెప్పేది మీ తొట్టికి పనికి రాకపోవచ్చు.

కిట్ అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ చూపించినంత కాలం రోజు మార్చి రోజు నాలుగో వంతు నీళ్లు మార్చండి. రెండూ సున్నాకి వచ్చాక వారానికోసారి చాలు. నైట్రైట్ ఎక్కువగా కనిపిస్తే లీటరుకి ఒక గ్రాము చొప్పున మామూలు కల్లుప్పు, అయోడిన్ కలపనిది, చెంబులో కరిగించి నెమ్మదిగా పోయొచ్చు. ఉప్పులోని క్లోరైడు, నైట్రైటు మొప్పల్లోంచి లోపలికి పోకుండా అడ్డుపడుతుంది. సక్కర్ చేపలకి ఉప్పు అంతగా పడదు, అవి ఉన్నంతవరకు అందులో సగమే వెయ్యండి. స్పాంజి బాగా మూసుకుపోయి నీళ్లు రావడం తగ్గితేనే, తొట్టిలోంచి తీసిన పాత నీళ్ల బకెట్లో దాన్ని రెండుసార్లు మెల్లగా నొక్కి పెట్టెయ్యండి. గోధుమరంగుగా జిగురుగా ఉండటం దాని లక్షణం. తెల్లగా మెరిసే స్పాంజి చేపలకి పనికిరాదు.

వీటన్నిటికంటే వేగంగా పనిచేసేది ఇంకొకటుంది. తెలిసినవాళ్ల ఇంట్లో ఏడాదిగా చేపలు జబ్బు లేకుండా ఆరోగ్యంగా తిరుగుతున్న తొట్టి ఉంటే, వాళ్ల స్పాంజిలో చిన్న ముక్క అడిగి తెచ్చుకుని మీ ఫిల్టరులో పెట్టండి. దారిలో ఎండిపోకుండా వాళ్ల తొట్టి నీళ్లలోనే వేసి తీసుకురండి. పెరుగు తోడుకి పక్కింటికి గిన్నె పట్టుకెళ్లినట్టే. ఆరు వారాల పని ఒకటి రెండు వారాలకి తగ్గొచ్చు.

ఇంట్లోవాళ్ల సలహాల్లో పటిక మాట నాకు ముచ్చటేసింది. కుండ లోపల చిల్లగింజ అరగదీసి, పటిక తిప్పి బురద నీళ్లు తేర్చుకున్న తరాలు మనవి. పటిక నలకల్ని ముద్ద కట్టించి అడుక్కి దించుతుంది, అది నిజమే. కానీ మనం తాగే ముందు పైతేట వంచుకుంటాం, చేప ఆ నీళ్లలోనే బతకాలి. పటిక నీళ్లలో క్షారాన్ని తినేసి పిహెచ్ తగ్గిస్తుంది, అప్పుడు కరిగే అల్యూమినియం మొప్పలకి హాని చేస్తుంది. వెయ్యొద్దు. నీళ్లు తేర్చే మందులని షాపుల్లో అమ్మేవీ నలకల్ని ముద్దకట్టించేవే ఎక్కువ. నీలం మందు శిలీంధ్రం పట్టిన చేపకి, గుడ్లకి విడి పాత్రలో వాడేది. మెయిన్ తొట్టిలో పోస్తే మేలు బాక్టీరియా మీద కూడా దెబ్బ పడుతుంది. ఆర్‌ఓ నీళ్లు కూడా వద్దు. ఖనిజాలు తీసేసిన నీళ్లలో పిహెచ్ నిలకడగా ఉండదు. గోల్డ్ ఫిష్‌కి మన గట్టి నీళ్లే ఇష్టం.

ఇక ఈ తొట్టిని ఏం చెయ్యాలన్నది. ఒక్క దారే ఉందని నేను చెప్పను, మీ ఇంట్లో తీరిక, డబ్బు, ఓపిక మీకే తెలుసు.

ఉన్న మూడు గోల్డ్ ఫిష్‌లనీ ఇదే తొట్టిలో నిలబెట్టుకోవాలంటే పైన చెప్పినట్టు నెలా నెలన్నర పాటు రోజు మార్చి రోజు బకెట్ మొయ్యాలి. ఎంత చేసినా ఇంకొకటి పోవచ్చు, ఇప్పటికే దెబ్బతిన్న మొప్పలు తిరిగి కోలుకుంటాయన్న హామీ లేదు. మూడూ బతికినా వేరే సమస్య ఉంది. ఇప్పుడు రెండు అంగుళాలున్న గోల్డ్ ఫిష్ సరిగా పెరిగితే ఆరంగుళాలు దాటుతుంది. పెంపకందారులు మొదటి చేపకి 75 లీటర్లు, ఆపై ఒక్కోదానికి 40 లీటర్లని లెక్క చెబుతారు. ఆ లెక్కన మీ తొట్టి ఒక్క చేపకి కూడా చాలదు. అంటే ఏడాదిలోపు పెద్ద తొట్టి గురించి ఆలోచించాల్సిందే. రెండు వందల లీటర్లంటే నీళ్ల బరువే రెండు వందల కిలోలు, దానికి గట్టి స్టాండు కావాలి, అద్దె ఇల్లయితే మారినప్పుడు పెద్ద పని.

రెండో దారి, చేపలన్నిటినీ పెద్ద తొట్టి ఉన్నవాళ్లకి గానీ తీసుకునే షాపుకి గానీ ఇచ్చేసి, ఖాళీ తొట్టిని ఫిల్టరుతో నెల రోజులు నడపడం. రోజూ చిటికెడు మేత వేస్తే అది కుళ్లి అమ్మోనియా వస్తుంది, బాక్టీరియా దాని మీద పెరుగుతుంది, ఏ ప్రాణికీ నొప్పి ఉండదు. కిట్‌లో రెండూ సున్నా వచ్చాక నాలుగైదు మగ గప్పీల్లాంటి చిన్న చేపలు తెచ్చుకుంటే ఆ తొట్టి వాటికి హాయిగా సరిపోతుంది. పాప నెల రోజులు ఖాళీ తొట్టి చూస్తూ ఉండాలి, ఆ మూడింటినీ వదులుకోవాలి. అది పిల్లకి తేలిక కాదు.

లేదా అసలు మానెయ్యొచ్చు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నేనైతే మానేసేవాళ్లని, చేపల మీద ప్రేమ ఉండీ కుదరక చేసే పనిగానే చూస్తాను. ఒక్కటే మాట, పుణ్యమని చెరువులో మాత్రం వదలొద్దు. ముఖ్యంగా ఆ సక్కర్లని. ఇలా ఇళ్ల తొట్ల నుంచి బయటపడ్డ ఆ జాతి మన చెరువుల్లో, కాలువల్లో పెరిగిపోయింది. దెయ్యం చేప అని జాలర్లు తిట్టుకునేది దాన్నే. ఒంటి మీద ముళ్లతో వలలు చించుతుంది.

ఏ దారి తీసుకున్నా సక్కర్లని ముందు తిరిగి ఇచ్చెయ్యండి. అవి శుభ్రం చేసేవి కాదు, నాచు గీకి తిని అంతకంటే ఎక్కువ రెట్ట వేసేవి. ఒక్కోటి అడుగు దాటి పెరుగుతుంది. మీ తొట్టి వెడల్పే అడుగు.

మీ స్థానంలో నేనుంటే సక్కర్లని ఇచ్చేసి, మూడు గోల్డ్ ఫిష్‌లతో రెండు వారాలు పైన చెప్పినట్టు చేసి చూస్తాను. ఈలోగా కిట్ చెప్పేదాన్ని బట్టి, ఇంట్లో పెద్ద తొట్టికి వీలుందో లేదో మాట్లాడుకుని, అప్పుడు నిర్ణయం తీసుకుంటాను. ఇవాళ ఈ కంగారులో తీసుకోను.

పాపకి చెప్పాల్సింది దాచకండి. "అవును నాన్నా, చేపల ఇల్లు మన గిన్నెల్లా కడగకూడదని నాకు తెలియలేదు. రెండు చేపలు పోయాయి, నాకూ ఏడుపొచ్చింది. ఇప్పుడు తెలుసుకున్నాను, ఇద్దరం కలిసి చూసుకుందాం" అనండి. ఎనిమిదేళ్ల పిల్ల ఈ మాట మోయగలదు. పెద్దవాళ్లు దాచారని తర్వాత తెలిస్తే అది మోయలేదు. మేత డబ్బా ఆ పిల్ల చేతికే ఇవ్వండి. మూడో రోజు నుంచి రోజుకి ఒకసారి, రెండు నిమిషాల్లో తినేంత చిటికెడు, ఇంకెవరూ వెయ్యకూడదని నానమ్మకీ నాన్నకీ తనే చెప్పాలి. కిట్ గొట్టంలో చుక్కలు వేసి రంగు చూసే పని కూడా తనదే, చేతులు మాత్రం ఆ తర్వాత సబ్బుతో కడిగించండి. ఎక్కువ కిట్లలో అమ్మోనియా లేకపోతే పసుపు, ఉంటే ఆకుపచ్చ. తేదీ వేసి, పక్కన ఆ రోజు వచ్చిన రంగు క్రేయాన్‌తో పుస్తకంలో దిద్దమనండి.

రెండు వారాలయ్యాక మళ్లీ రాయండి. నీళ్లు తెల్లగా ఉన్నాయా తేటగా ఉన్నాయా అన్నది చివర్లో రాసినా పరవాలేదు. ముందు పాప పుస్తకంలో ఏ రోజు ఏ రంగుందో, చేపలు పొద్దున పైకొస్తున్నాయో లేదో, రాత్రిళ్లు ఫిల్టరు తిరుగుతోందో, అత్తయ్యగారికి నిద్ర పడుతోందో రాయండి.